కొత్త కోడలి మంచం అమ్మిన అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. పోయిన నెల, పసుపు బేరాలు జోరుగా నడుస్తున్న రోజుల్లో, ఒక పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, "జర నడుం వాలుస్త" అని పని చేసుకునే షెడ్డులో బెంచీ మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. చేతివేళ్లకు నల్ల లక్కరంగు అట్లాగే ఉంది. స్నానం చేయించేటప్పుడు ఎంత రుద్దినా గోళ్ల సందుల్లోది వదలలేదు. "ఉండనియ్యుండ్రే, గదిట్ల పోతదా? గా రంగుతోనే పుట్టినట్టున్నది" అన్నది పక్కింటి ముసలవ్వ. అంతదాకా ఏడుస్తున్న ఆడవాళ్లమంతా ఒక్కసారిగా నవ్వేశాం. చావింట్లో నవ్వులేమిటని ఎవరూ అనలేదు. ఆమె సంగతి అందరికీ తెలుసు.

ఆర్మూరులో మా అత్తమ్మ పేరు చెబితే కొందరికి తెలియకపోవచ్చు. "కొత్త కోడలి మంచం అమ్మినామె" అంటే మాత్రం బస్టాండు కాడి ఆటోవాళ్లు నేరుగా తెచ్చి మా గడప ముందర దింపుతారు. ఆ కొత్త కోడలిని నేనే.

మాది భీమ్‌గల్. పెండ్లయి వచ్చిన రోజు మా గదిలో మంచం చూసి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. టేకు కర్ర, మిలమిలలాడే నల్లటి లక్క పూత, తలాపు పక్క బంగారు రంగు తీగలు. కోళ్లు నడుము దగ్గర సన్నబడి మళ్లీ విచ్చుకున్నాయి. చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు. మా పుట్టింట్లో ఇనుప పట్టెల మంచం, అదీ ఒక కాలు కింద ఇటుక. నా అదృష్టానికి నేనే మురిసిపోయి, మా చెల్లెకు ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను. వారం తిరిగిందో లేదో, ఇంటి ముందర వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు గదిలోకి వచ్చి పరుపు తీసి కింద పడేశారు. మంచానికి ఒక పక్క వాళ్లు, ఇంకో పక్క ఎవరనుకున్నారు? మా ఆయనే! నా పెండ్లి మంచాన్ని నా మొగుడే మోసుకుపోయి వ్యాను ఎక్కించాడు.

నేను గోడకు ఆనుకుని బోరుమని ఏడ్చాను. అత్తమ్మ వచ్చి నా గడ్డం పట్టుకుని లేపింది.

"ఏందే బిడ్డా, మంచం పోయిందని ఏడుస్తున్నవా? గది నీది గాదు. నిజామాబాద్ డాక్టరమ్మది. కోళ్లు గట్టిగున్నయా, కిర్రుమంటున్నయా అని చూసుడు మీ వంతు. మంచిగ చూసిండ్రు గద!"

వాకిట్లో ఉన్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నాకు సిగ్గుతో భూమిలోకి పోవాలనిపించింది. ఆ మాట ఊరంతా పాకింది. ఇప్పటికీ పెండ్లిండ్లలో ఎవరో ఒకరు "మంచం ఎట్లున్నదమ్మా?" అని నన్ను ఆటపట్టిస్తారు.

అది మా ఇంటి రివాజు అని తరవాత తెలిసింది. అత్తమ్మ పుట్టింటివాళ్లు మంచం కోళ్లు, ఉయ్యాల కడ్డీలు లేత్ మీద తిప్పి లక్క పూసేవాళ్లు. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీ ఆనించి నొక్కితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాగా తేలుతుంది. బల్లలకు, పెట్టెలకు వేరే పద్ధతి. లక్క రేకులను స్పిరిట్లో నానబెట్టి, పాత నూలుచీర ముక్కతో పూత మీద పూత రుద్దాలి. కర్ర పని మా ఆయనది, లక్క పని ఆమెది. ఎవరి కొలతకు వాళ్లకు చేసిచ్చేవాళ్లు. ఒకసారి చేసిన నమూనా మళ్లీ చేసేవాళ్లు కాదు. కానీ చేసినదేదీ నేరుగా గడప దాటేది కాదు. వారం రోజులు మా ఇంట్లో మనిషిలా ఉండి, మా చేత వాడించుకుని, అప్పుడు అత్తవారింటికి పోయినట్టు పోయేది.

"వాడని సామాను ఎట్ల అమ్ముతమే? తిని చూడకుండ కూర వడ్డిస్తమా?" అనేది అత్తమ్మ.

దానితో మా ఇల్లు ఎట్లా ఉండేదంటే, ఒక వారం నవాబుల ఇల్లు, ఒక వారం ఖాళీ గోదాము. ఒక వారం సింహంకాళ్ల భోజనబల్ల మీద మక్క గటక తినేవాళ్లం. ఆ మరుసటి వారం నేల మీద కూర్చుని బిర్యానీ తినేవాళ్లం. చుట్టాలు వస్తే ముందే ఫోన్ చేసి అడిగేవారు, "ఈ వారం మీ ఇంట్ల కూసునేటందుకు ఏమన్న ఉన్నదా?" అని. మా బిడ్డ చిన్నప్పుడు ఉయ్యాల మారిన ప్రతిసారీ ఏడ్చేది. అంత సామాను చేసే ఇంట్లో మాదంటూ ఒక్క పీట లేదు. నేను పొద్దున అంగన్‌వాడీలో పనికి పోయే తొందరలో, నేల మీద బాసిపట్లు వేసుకుని, కిటికీకి చేతి అద్దం ఆనించి తల దువ్వుకునేదాన్ని. అద్దం జారిపడేది. నేను తిట్టుకునేదాన్ని. షెడ్డులోంచి అత్తమ్మ గొంతు వినిపించేది, "నీకు గూడ ఒకటి చేస్త తియ్యే!"

ఆ 'చేస్త తియ్యే' విని విని నా జుట్టు నెరిసింది.

ఆమె నమూనాలు పాతకాలపువి. గోల్కొండ సుల్తానుల నాటి పెట్టెలు, రాతబల్లలు, చిన్నచిన్న సొరుగుల పేటికలు. నేల మీద కూర్చుని వాడుకునేటంత పొట్టికాళ్లవి. వాటి ఫొటోలు హైదరాబాదులో ఇండ్లకు లోపలి అలంకరణలు చేసే ఒక మేడం తెచ్చేది. అత్తమ్మ వాటిని తిప్పి తిప్పి చూసి, గీతలన్నీ ఉంచి, పువ్వులు మాత్రం మార్చేది. ఆ కాలపు గులాబీలు, సరుగుడు లాంటి చెట్లు తీసేసి, వెడల్పాటి పసుపు మొక్క ఆకులు, మక్కకంకి పీచు గీసేది. మేడం మొదట్లో మూతి ముడుచుకుంది.

"నవాబులు ఆర్మూరుకు వస్తే గిదే గీపిచ్చుకుందురు, ఫికర్ చెయ్యకమ్మా" అన్నది అత్తమ్మ.

మేడం నవ్వింది. ఆ తరవాత వచ్చిన గిరాకీలందరూ పసుపు ఆకే కావాలన్నారు.

కొలత తీసుకోవడంలో ఆమెకు ఒక వింత పద్ధతి ఉండేది. టేపు తీసేది కాదు. "టేపు చూడంగనే మనిషి పొట్ట లోపలికి గుంజుకుంటడు. గా కొలతకు కుర్చీ చేస్తె మర్నాడే ఇరుకైతది" అనేది. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపే ఒక సేటు కుర్చీ చేయించుకోవడానికి వచ్చినప్పుడు చూడాలి. మంచి భారీ మనిషి. అత్తమ్మ ఆయనను చాపమీద కూర్చోబెట్టి, నా చేత సర్వపిండి చేయించింది. ఆయన ఒకటి తిన్నాడు. ఇంకొకటి పెట్టింది. అదీ తిన్నాడు. కబుర్లలో పడి గోడకు జారగిలబడి, మోచెయ్యి పక్కనున్న మూట మీద ఆనించి, కడుపు మీద చెయ్యి వేసుకుని హాయిగా తేన్చాడు. అప్పుడు అత్తమ్మ లేచి, గోడ మీద ఆయన తల తగిలిన చోట, మూట మీద మోచెయ్యి ఆనిన చోట సుద్దముక్కతో గీతలు పెట్టింది.

"ఇగ లేవు సేటూ. కొలత అయిపోయింది."

"ఎప్పుడు తీసినవమ్మా?" అన్నాడాయన బిత్తరపోయి.

"నువ్వు తేన్చినప్పుడు."

ఆ కుర్చీ ఇప్పటికీ ఆయన దుకాణంలో ఉంది. దాంట్లో కూర్చుంటే పని సాగడం లేదు, నిద్ర వస్తున్నది అని ఆయన ఫిర్యాదు.

అన్నీ ఇట్లా సాఫీగా సాగలేదు. ఒకసారి పసుపుతోనే పెద్ద గడబిడ అయింది. ఆర్మూరు పసుపు ఉండగా పసుపుపచ్చ రంగు బయట కొనడమేమిటని అత్తమ్మకు పట్టుదల పుట్టింది. కొమ్ములు తెప్పించి, తానే దంచి, స్పిరిట్లో నానబెట్టి వడగట్టి లక్కలో కలిపింది. ఏం రంగు వచ్చిందంటారా! బంతిపూలు కూడా దాని ముందర దిగదుడుపే. ఆ రంగుతో నిజామాబాదులో ఒక లాయరు గారింటికి భోజనబల్ల చేసింది. మా ఇంట్లో వారం రోజులు ఆ బల్ల మీద తింటుంటే అన్నం కూడా పులిహోరలాగా కనిపించింది.

కొన్నాళ్లకు లాయరమ్మ ఫోన్ చేసింది.

"అమ్మా, మీ బల్లకు అమ్మవారు పోసింది!"

అత్తమ్మ, నేను బస్సెక్కి పోయాం. బల్ల కిటికీ పక్కన ఉంది. రోజూ ఎండపడి పసుపంతా గడ్డి రంగుకు తిరిగింది. అది మురికి అనుకుని పనిమనిషి సబ్బుపొడి నీళ్లతో బరబరా తోమింది. తోమిన చోటల్లా ఎర్రెర్రటి మచ్చలు తేలాయి. లాయరమ్మ బల్ల ముందర నిమ్మకాయ కూడా పెట్టింది! అత్తమ్మ నిమ్మకాయను చూసింది, మచ్చలను చూసింది, తలుపు పట్టుకుని పగలబడి నవ్వింది.

"అమ్మోరు గాదమ్మా. పసుపుకు సున్నం తగిలినా, సబ్బు తగిలినా పారాణి అయితది గద! మీ బల్లకు పెండ్లయింది, అంతే. తప్పు మాత్రం నాదే."

బల్లను వెనక్కి తెచ్చి, గీరి, కొత్తగా ఎర్రలక్క పూసి పంపింది. ఆ రోజు భోజనాల దగ్గర మా ఆయనతో, నాతో ఒక మాట చెప్పింది. నేను దాన్ని అప్పుడు అంతగా పట్టించుకోలేదు.

"ఇగ అమ్మే సామానుకు ఎన్నడు పసుపు వెయ్య. పసుపు ఇంటి మనిషి లెక్క. ఎండల నిలవెట్టొద్దు, సబ్బు నీళ్లు పొయ్యొద్దు, కనిపెట్టుకోని ఉండాలె. పైసలిచ్చి తీస్కపొయ్యేటోళ్లకు గవన్ని ఎట్ల చెప్తం?"

అన్నట్టే చేసింది. తరవాత గిరాకీలు ఎంత బతిమాలినా పసుపుపచ్చ రంగుకు బజారులో దొరికే పొడే వాడింది. మేడం అడిగినా అంతే.

నేను మాత్రం ఊరకే ఉన్నానా? ఒకసారి ఒక బట్టల పెట్టె మీద నాకు మనసు పడింది. చందమామంత గుండ్రటి తాళంకప్ప, మూత మీద పసుపు ఆకులు. వారం పూర్తయ్యే రోజు పొద్దున్నే నా పట్టుచీరలన్నీ దాంట్లో సర్ది, తాళం వేసి, తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను. వ్యాను వచ్చింది. నేను పెట్టె మీద ఎక్కి కూర్చున్నాను. మా ఆయన బతిమాలాడు. గిరాకీ మనిషి గడియారం చూసుకున్నాడు. అత్తమ్మ నింపాదిగా వచ్చి నా పక్కన, అదే పెట్టె మీద కూర్చుంది.

"మంచిగున్నదా?"

"నాకు గావాలె అత్తమ్మా. ఎన్నేండ్లని మందివే వాడాలె? ఒక్కటన్న నాది అని ఉండొద్దా?"

"ఉండాలె. కని గిది వాళ్ల బిడ్డ పెండ్లికి చేసిన. వాళ్ల బిడ్డ చెయ్యి ఎంత పొడుగో చూసి మూత ఎత్తు పెట్టిన. నీ చేతికి రాదు. ఏదీ, కూసోని మూత లేపు."

లేపాను. నా మోచెయ్యి అంచుకు కొట్టుకుంది. అత్తమ్మ నా మోచేతిని చూసింది, నన్ను చూసింది. ఆ చూపు ఇప్పుడు తలుచుకుంటే నాకు అర్థమవుతున్నది. అప్పుడు మాత్రం కోపంతో తాళంచెవి తీసి గిరాకీ మనిషి చేతిలో పెట్టి, నా చీరలన్నీ దులిపి చాప మీద కుప్ప పోశాను.

ఈ ఎండాకాలం మొదట్లో ముందుగదిలోకి ఒక అద్దంబల్ల వచ్చింది. నల్లలక్క, దాని మీద బంగారు రంగులో పసుపు ఆకులు, లేత్ మీద తిప్పిన పొట్టి ఎర్రకాళ్లు, మధ్యలో ఒకే ఒక సొరుగు. అద్దం కొద్దిగా వెనక్కి వాలి ఉంది. నేల మీద కూర్చుని వాడేది.

"ఎవలిదత్తమ్మా గిది?"

"ఉన్నది తియ్, ఒక మొండి గిరాకీ. పైసలియ్యది, పంచాయితీ వెడ్తది."

"అసొంటిదానికి ఎందుకు చేసుడు?"

"ఏం జేద్దాం, ఇడువది గద!"

హైదరాబాదులో ఎవరో పెద్దింటామె అయి ఉంటుంది, పాతకాలం మోజు కొద్దీ నేల మీద కూర్చుని సింగారించుకుంటుందేమో అనుకున్నాను. రివాజు ప్రకారం రోజూ దాని ముందర కూర్చుని తల దువ్వుకున్నాను. అత్తమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గడపలో నిలబడి చూసేది. "మోకాలు తాకుతున్నదా?" అని అడిగింది. కొద్దిగా అన్నాను. సాయంత్రానికి కాళ్లు మార్చింది. "పాపిట తీసుకుంటందుకు వంగుతున్నవా?" అన్నది. మరునాటికి అద్దం వాలు సరిచేసింది. సొరుగు లాగబోతే మాత్రం గయ్యిమన్నది.

"తెరువకు! లోపల పూత ఆరలే."

వారం దాటింది. వ్యాను రాలేదు. ఇంకో వారం కూడా గడిచింది. లక్క ఇన్ని రోజులు ఆరకపోవడమేమిటని నేను ఆలోచించనే లేదు. గిరాకీ సతాయిస్తున్నదని అత్తమ్మ మీద జాలిపడ్డాను. ఆ తరవాతే అత్తమ్మ చాయ్ తాగి, నడుము వాల్చింది.

దినాలకు వచ్చినవాళ్లలో సగం మంది గిరాకీలే. ఒక్కొక్కరూ తమ ఇంట్లో ఉన్న సామాను సంగతి చెప్పి కండ్లు తుడుచుకున్నారు. నా మంచం కొన్న డాక్టరమ్మ కూడా వచ్చింది. "ఇప్పటికీ కిర్రుమనలేదు" అన్నది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. అడ్తి సేటు నేలమీద కూలబడి, "కడుపు నిండినంక కొలత తీసేటోళ్లు ఇగ ఎవలున్నరమ్మా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వచ్చిన ప్రతి ఒక్కరినీ మేము అడిగాం, "ఈ అద్దంబల్ల మీదేనా?" అని. అందరూ తలలు అడ్డంగా ఊపారు.

"ఎవలన్న వస్తరు తియ్. అవ్వ ఒప్పుకున్నదంటే ఇయ్యాలె గద" అన్నాడు మా ఆయన. దుప్పటి కప్పి పెట్టాం. నాకు దానికేసి చూడబుద్ధి కాలేదు. ఆమె చేతి చివరి సామాను. దాన్ని కూడా ఎవరో వచ్చి వ్యానులో ఎక్కించుకుని పోతారు. మాకు సుద్దగీతలు తప్ప ఏమీ మిగలదు.

దినాలు అయిపోయాక హైదరాబాదు మేడం వచ్చింది. చాలాసేపు షెడ్డులో ఒంటరిగా నిలబడి, తరవాత ముందుగదిలోకి వచ్చి దుప్పటి తీసి చూసింది.

"ఇదెవరిదండీ?"

"తెల్వది మేడం. మీ తరఫునే ఎవలదో అనుకున్నం."

"నేను చెప్పలేదే! ఎవరూ రాకపోతే నేనే తీసుకుంటాను. ఆమె చివరి పని. మీరు ఎంత చెబితే అంత." కింద కూర్చోబోయి ఆమె ఇబ్బందిపడింది. కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "నాకు కొంచెం పొట్టి అవుతుంది. అయినా ఫరవాలేదు. సొరుగు ఒకసారి చూపిస్తారా?"

నేను బాసిపట్లు వేసుకుని బల్ల ముందర కూర్చున్నాను. మోకాళ్లు తగలలేదు. వంగకుండానే అద్దంలో పాపిట కనిపించింది. మోచెయ్యి దేనికీ కొట్టుకోలేదు. సొరుగు లాగాను.

లోపలంతా పసుపు!

బజారు పొడి కాదు. అడుగు, పక్కలు, మూలలు, అన్నిటికీ అత్తమ్మ దంచి వడగట్టిన పసుపు. లక్క ఎప్పుడో ఆరింది. దంచిన కొమ్ముల వాసన గుప్పుమని నా ముఖానికి కొట్టింది. ఎండ పడని చోటు, సబ్బునీళ్లు తగలని చోటు చూసి పూసింది. మా ఆయన నా భుజం మీదుగా వంగి చూశాడు.

"పసుపేసిందే!" అన్నాడు. తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

పైసలియ్యని మొండి గిరాకీ, పంచాయితీ పెట్టే గిరాకీ, ఇడువని గిరాకీ! ఎంత గడుసుది మా అత్తమ్మ! నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే పొంగుకొచ్చాయి. ఏది ముందొచ్చిందో ఇప్పుడు చెప్పలేను.

"ఎంతకు ఇస్తారు?" అని మేడం మెల్లగా అడిగింది.

ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరూ అనని మాట నా నోటి నుంచి వచ్చింది.

"గిది అమ్మేది గాదు మేడం. గిది నాది."

ఇప్పుడు రోజూ పొద్దున దాని ముందర కూర్చుని తల దువ్వుకుంటున్నాను. ముందు కిటికీ పరదా దించుతాను. సొరుగు కొద్దిగా తెరిచి, దువ్వెన తీసుకుని, వెంటనే మూస్తాను. పసుపు అట్లాగే నిగనిగలాడుతున్నది. మా ఆయన షెడ్డులో మళ్లీ లేత్ నడుపుతున్నాడు, మా బిడ్డ లక్క కడ్డీ పట్టడం నేర్చుకుంటున్నది. రేపు మా ఇంట్లోకి ఎవరిదో రాతబల్ల వస్తుంది, వారం ఉండి పోతుంది. పోనీ. కానీ వీధిలో వ్యాను ఆగిన చప్పుడైతే మాత్రం, జడ సగంలో వదిలేసి, నా రెండు చేతులూ సొరుగు మీదికి పోతున్నాయి.